ఏడాదంతా పొదుపు... వారం రోజులు సముద్రం!

బయట కాఫీ తాగరు. పాత కారు మార్చరు. పక్కింటివాళ్లు కొత్త సోఫా కొన్నారని వీళ్లు కొనరు. అలాగని పిసినారులేం కాదు. ఏడాదికోసారి ఓడెక్కి సముద్రం మీదికి వెళ్లిపోవాలని రోజూ కొంత కూడబెట్టుకునే మామూలు మనుషులు. అమెరికాలోని గాల్వెస్టన్ రేవులో అలాంటివాళ్లు ఎందరో కనిపిస్తారు.

వారాంతం వచ్చిందంటే చాలు... టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ రేవులో తెల్లవారకముందే హడావుడి మొదలవుతుంది. పదిహేను అంతస్తుల మేడల్లాంటి తెల్లటి ఓడలు వచ్చి ఆగుతాయి. ఎండకు కమిలిన ముఖాలతో, నెత్తిన గడ్డి టోపీలతో వేలమంది దిగుతారు. ఇంకో నాలుగైదు గంటల్లో మళ్లీ అన్ని వేలమంది ఎక్కుతారు. ఈలోపే గదులన్నింట్లో దుప్పట్లు మారాలి. వారానికి సరిపడా కూరగాయలు, గుడ్లు, పిండి లోపలికి చేరాలి. సాయంత్రానికి ఓడ కదలాలి. వారం వారం ఇదే తంతు!

ఎక్కేవాళ్లను చూస్తే కోటీశ్వరుల్లా ఉండరు. కారు వెనకసీట్లో పిల్లలు, డిక్కీలో పాత సూట్‌కేసులు. బడి టీచర్లు, నర్సులు, లారీ డ్రైవర్లు, పింఛను మీద బతికే వృద్ధ దంపతులు... విహారనౌక అనగానే సినిమాల్లో చూపించే షాంపేన్ గ్లాసులు గుర్తొచ్చే మనకు ఈ దృశ్యం వింతగానే ఉంటుంది. పైగా వీళ్లలో చాలామందికి ఇది మొదటిసారి కాదు. అయిదోసారో పదోసారో! మరి అంత డబ్బెక్కడిది? సమాధానం ఓడలో దొరకదు. వాళ్ల వంటింట్లో వెతకాలి.

పోపుల డబ్బా లెక్క

మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో చిల్లర దాచేవారు గుర్తుందా? అమెరికాలో ఆ పని గాజుసీసా చేస్తుంది. దానిమీద ‘క్రూయిజ్’ అని చీటీ అంటించి రోజూ మిగిలిన చిల్లర అందులో వేస్తారు. ఇంకాస్త పద్ధతిగా ఉండేవాళ్లు బ్యాంకులో వేరే ఖాతా తెరుస్తారు. జీతం పడిన రోజే కొంత మొత్తం దానంతటదే అందులోకి వెళ్లిపోతుంది. కంటికి కనపడని డబ్బు ఖర్చు కాదన్నది అసలు సూత్రం.

లెక్క చూద్దాం. ఆఫీసుకెళ్లేదారిలో తాగే కాఫీ 5 డాలర్లు అనుకుంటే వారానికి 5 రోజులు, ఏడాదికి 50 వారాలు... మొత్తం 1,250 డాలర్లు! సీజన్ కాని రోజుల్లో, కిటికీ లేని గదిలో భార్యాభర్తలిద్దరూ ఏడు రాత్రులు వెళ్లిరావడానికి అయ్యే టికెట్ ఖర్చు ఓడను బట్టి, తేదీని బట్టి కొంచెం అటూఇటూగా అంతే ఉంటుంది. అంటే ఒక కప్పు కాఫీ వదులుకుంటే సముద్రం చేతికందుతుందన్నమాట.

కానీ టికెట్‌తోనే అయిపోదు. ఓడ సిబ్బందికిచ్చే టిప్పులు మనిషికి రోజుకు 16 డాలర్ల పైమాటే. ఇద్దరికి వారానికి 220 డాలర్లు దాటతాయి. రేవులో కారు పెట్టినందుకు రోజులెక్కన అద్దె. దారిఖర్చులు సరేసరి. అందుకే కాఫీ ఒక్కటే సరిపోదు. మధ్యాహ్నం హోటలుకు బదులు ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా. కేబుల్ టీవీకి సెలవు. కొత్త పుస్తకం కొనకుండా లైబ్రరీ కార్డు. పిల్లల జుట్టు ఇంట్లోనే కత్తిరింపు. ఫోను పాతబడినా పనిచేసినంతకాలం అదే. వినడానికి చిన్నవే... ఏడాదిపాటు తప్పకుండా చేయడమే కష్టం!

టికెట్ కూడా ఒక్కసారి కొనక్కర్లేదు. ముందు కొంత కట్టి గది ఖాయం చేసుకుంటే, మిగతాది బయల్దేరడానికి రెండుమూడు నెలల ముందువరకూ మెల్లగా కట్టుకోవచ్చు. మన చీటీ పాటలాగే. నెలనెలా కడుతుంటే మనసు కూడా ఓడవైపే ఉంటుంది. వంటింటి గోడమీది క్యాలెండరులో తేదీలు కొట్టేసుకుంటూ పిల్లలు ఎదురుచూస్తారు. ప్రయాణం వారమే అయినా సంబరం ఏడాదంతా అన్నమాట.

కారులో వెళ్లగలిగే రేవు

అమెరికాలో ఓడ ప్రయాణాలకు పెట్టింది పేరు ఫ్లోరిడా. మయామి, పోర్ట్ కెనావరల్, పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ మొదటి మూడు స్థానాల్లో ఉంటే నాలుగోది గాల్వెస్టన్. అయితే టెక్సాస్‌వాళ్లు ఫ్లోరిడా వెళ్లాలంటే విమానం ఎక్కాలి. నలుగురున్న కుటుంబానికి ఆ టికెట్లే తడిసి మోపెడవుతాయి. గాల్వెస్టన్ అయితే హ్యూస్టన్‌కు 80 కిలోమీటర్లు. డాలస్ నుంచి కారులో అయిదుగంటలు. పొదుపరులకు ఈ రేవు నచ్చడానికి అదే కారణం.

ఇక్కడినుంచి ఏడాది పొడవునా తిరిగే విహారనౌకలు 2000లో మొదలయ్యాయి. 2022లో రాయల్ కరీబియన్ సంస్థ 12.5 కోట్ల డాలర్లతో కొత్త టెర్మినల్ కట్టింది. అయిదువేల మందికి పైగా పట్టే ‘అల్యూర్ ఆఫ్ ద సీస్’ అక్కడినుంచే బయల్దేరింది. 2025లో నాలుగో టెర్మినల్ కూడా వచ్చింది.

ఈ ఊరికి పొదుపు కన్నా పెద్ద కథే ఉంది. 43 కిలోమీటర్ల పొడవున్న సన్నటి దీవి ఇది. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపానుకు ఇక్కడ దాదాపు ఎనిమిది వేలమంది చనిపోయారని అంచనా. అమెరికా చరిత్రలో అంతమందిని బలిగొన్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు. మిగిలినవాళ్లు ఊరొదిలి పోలేదు. సముద్రానికి అడ్డంగా 17 అడుగుల ఎత్తున గోడ కట్టారు. అంతటితో ఆగక రెండువేలకు పైగా ఇళ్లనూ చర్చిలనూ జాకీలతో పైకెత్తి, కింద ఇసుక నింపి ఊరి మట్టాన్నే పెంచేశారు! ఆ గోడ ఇప్పుడు 16 కిలోమీటర్ల పొడవుంది. ఓడ ఎక్కేముందు దానిమీద నడవడానికి పైసా ఖర్చుకాదు. పాతకాలపు ఇనుప స్తంభాల భవనాలున్న ‘స్ట్రాండ్’ వీధి చూడ్డమూ అంతే. అందుకే తెలివైన ప్రయాణికులు ఒకరోజు ముందే వస్తారు.

ధనవంతుల ఓడ ఇలా దిగొచ్చింది

ఒకప్పుడు పెద్ద ఓడలు ఖండాలు దాటడానికే ఉండేవి. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోయి ఓడలు ఖాళీగా ఉంటున్నాయని 1891లో ఓ జర్మన్ కంపెనీ తన ‘ఆగస్టా విక్టోరియా’ను మధ్యధరా సముద్రంలో విహారానికి పంపింది. ఊరికే తిరిగి రావడానికి ఓడెక్కే అలవాటు అలా మొదలైంది. అప్పట్లో అది సంపన్నుల సరదా.

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు తిరగడం మొదలయ్యాక ఓడల పని అయిపోయిందనే అనుకున్నారంతా. కానీ 1972లో టెడ్ ఆరిసన్ అనే వ్యాపారి ఒక పాత ఓడ కొని మయామిలో ‘కార్నివాల్’ సంస్థ పెట్టాడు. దాని మొదటి నౌక ‘మార్డీ గ్రా’ మొదటి ప్రయాణంలోనే మయామి దగ్గర ఇసుకమేటలో ఇరుక్కుపోయింది! అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. సూటూబూటూ అక్కర్లేదు, సరదాగా వస్తే చాలంటూ మధ్యతరగతిని పిలిచాడు. 1977లో మొదలైన ‘ద లవ్ బోట్’ టీవీ సీరియల్ ఆ కోరికను ఇంటింటికీ చేర్చింది. ఓడలు పెద్దవయ్యేకొద్దీ ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తగ్గింది.

గాల్వెస్టన్ ఓడలన్నీ కోజుమెల్, కోస్టా మాయా, ప్రోగ్రెసో లాంటి విదేశీ రేవులకే ఎందుకెళ్తాయో తెలుసా? 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న నౌక అమెరికాలోని ఒక రేవు నుంచి ఇంకో రేవుకు ప్రయాణికుల్ని చేర్చకూడదు. విహారనౌకలేమో ఎక్కువగా పనామా, బహమాస్ లాంటి దేశాల్లో నమోదవుతాయి. కాబట్టి మధ్యలో పరాయి దేశాన్ని తాకి రావాల్సిందే. దానివల్ల ప్రయాణికులకో లాభం... ప్రోగ్రెసోలో సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్లు సాగిపోయిన వంతెనలాంటి రేవు చూడొచ్చు.

కిటికీ లేని గది

పొదుపు ఓడెక్కాకా ఆగదు. బాల్కనీ గదికి డబ్బెక్కువ. కాబట్టి లోపలి గదే. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. ‘గదిలో పడుకోవడమే కదా, సముద్రం పైన డెక్కు మీద అందరికీ ఒకటే’ అన్నది వాళ్ల వాదం. అదీ నిజమే. తిండి, ఈతకొలను, రాత్రి ప్రదర్శనలు టికెట్‌లోనే కలిసి ఉంటాయి. ఒకే గదిలో సర్దుకుంటే మూడో మనిషికీ నాలుగో మనిషికీ ధర తగ్గుతుంది.

చిక్కంతా మిగతా వాటితోనే. మద్యం, ఇంటర్నెట్, ఫొటోలు, మసాజ్‌లు, జూదం, రేవుల్లో విహారాలు... అన్నింటికీ వేరే బిల్లు. జేబులోంచి నోటు తీయక్కర్లేదు, కార్డు చూపిస్తే చాలు. అందుకే తెలియకుండానే ఖర్చయిపోతుంది. పెద్ద క్రూయిజ్ కంపెనీల రాబడిలో దాదాపు మూడోవంతు ఇలా ఓడ లోపల పెట్టించే ఖర్చుదే! ఏడాదంతా కాఫీ మానేసి దాచింది ఒక్క సాయంత్రంలో ఆవిరైపోవచ్చు.

మళ్లీమళ్లీ వచ్చేవాళ్లకు కంపెనీలు హోదాలిస్తాయి. ఓడలో గడిపిన రోజులు పెరిగేకొద్దీ కార్డు రంగు మారుతుంది, చిన్నచిన్న కానుకలు అందుతాయి. ఆ రంగుకోసమే ఇంకో ప్రయాణం కట్టేవాళ్లున్నారు. అయితే ఎన్ని రోజులు గడిపారన్నది కాక ఎన్ని డాలర్లు ఖర్చుపెట్టారన్నది చూసి హోదా ఇస్తామని 2025లో కార్నివాల్ ప్రకటించింది. చూసి ఖర్చుపెట్టేవాళ్లకు అదంత మంచి కబురు కాదు.

ఇంతకన్నా ప్రమాదం అప్పు. క్రెడిట్ కార్డు మీద వెళ్లొచ్చి ఏడాదంతా వడ్డీ కట్టేవాళ్లూ ఉంటారు. నిజానికి ఇద్దరూ కాఫీ మానేస్తారు. ఒకరు వెళ్లేముందు, ఇంకొకరు తిరిగొచ్చాక! వీరిద్దరిలో సముద్రాన్ని హాయిగా చూడగలిగేదెవరో వేరే చెప్పాలా?

అదే ఓడలో ఇంకో త్యాగం

రోజూ గది సర్ది, తువ్వాలును ఏనుగులాగో కుందేలులాగో మడిచి మంచంమీద పెట్టి వెళ్లే మనిషిని ప్రయాణికులు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. అతనిది ఫిలిప్పీన్సో ఇండొనేషియానో మనదేశమో అయ్యుంటుంది. ఒప్పందం ఆరు నుంచి తొమ్మిది నెలలు. అంతవరకూ ఇంటిముఖం చూడటం కుదరదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సిబ్బందికి వారంలో కనీసం 77 గంటల విశ్రాంతి ఇవ్వాలి. వారాంతపు సెలవు మాత్రం ఉండదు. ఆ జీతంతోనే ఊళ్లో ఇల్లు లేస్తుంది, చెల్లెలి పెళ్లవుతుంది, పిల్లల ఫీజులు కడతారు.

ప్రయాణికుడు వారంరోజుల కోసం ఏడాదంతా చిన్నచిన్న సరదాలు వదులుకుంటాడు. అతని గది సర్దేవాడు ఇంటివాళ్ల కోసం ఇంటినే వదులుకుంటాడు. టికెట్ అంత చవగ్గా ఉండటానికి రెండోవాడి కష్టమూ ఒక కారణం. ఆ సంగతి తెలిసినవాళ్లు కాఫీ దగ్గర పొదుపు చేస్తారు, మద్యం దగ్గర పొదుపు చేస్తారు, టిప్పు దగ్గర మాత్రం చేయరు.

మనవాళ్లూ ఎక్కుతున్నారు

డాలస్, హ్యూస్టన్‌లలో తెలుగువాళ్లు ఎక్కువ. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను ఒక్కసారైనా ఓడ ఎక్కించాలని ముచ్చటపడే కొడుకులూ కూతుళ్లూ చాలామందే. గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. అయితే తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి ఆ వీసా పనికొస్తుందో లేదో ముందే చూసుకోవాలి. శాకాహారులమని ముందుగా చెబితే చాలా ఓడల్లో మన వంటలు చేసి పెడతారు. ఆవకాయ సీసా మాత్రం ఇంట్లోనే వదిలి రావడం మంచిది, బయటి వంటకాలను ఓడలోకి రానివ్వరు.

అంతదూరం వెళ్లక్కర్లేని రోజులూ వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణించింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఆర్కే బీచ్‌లో బఠాణీలు తింటూ దూరంగా వెళ్లే ఓడల్ని చూసిన కుటుంబాలకు, అందులో ఒకటి ఎక్కాలన్న ఆశ కొత్తగా పుట్టింది.

ఆశ పుట్టాక లెక్కా మొదలవుతుంది. అయితే ఒక్కమాట. మానేయాల్సింది సరదాలనే. పిల్లల చదువు, పెద్దల మందులు, అత్యవసరానికి దాచిన నాలుగు రూపాయలు ఆ జాబితాలో చేరకూడదు. అది పొదుపు కాదు, ఇంటిని తాకట్టు పెట్టడం. గాల్వెస్టన్‌కు ఏటా వచ్చే కుటుంబాలు పాటించే నియమం కూడా ఇదే... సీసా నిండితేనే ఓడ. నిండకపోతే ఈ ఏడాదికి గోడమీద నడక!