పాచి ఏం తింటుంది?

మా ఆశ్రమ పాఠశాల వంటశాల వెనుక ఒక గుంట ఉంది. అంట్లు కడిగిన నీళ్ళు, వార్చిన గంజి అందులోకే పోతాయి. ఎండాకాలం వచ్చేసరికి దాని మీద పచ్చగా పాచి పేరుకుంటుంది. ఒకరోజు ఏడో తరగతి పిల్ల అడిగింది: "టీచర్, ఆ పాచి ఏం తిని అంత పచ్చగా ఉంది?"

నేను డి.ఎడ్. చదివిన టీచర్ని. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పుస్తకాలు వెతికి మర్నాడు చెప్పాను. మనం వదిలిన నీళ్ళలోని నత్రజని, భాస్వరం తీసుకుని, ఎండ సాయంతో పాచి పెరుగుతుంది. పగలు అది వదిలే ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా మురికిని విడగొడతాయి. కాలిఫోర్నియాలో విలియం ఓస్వాల్డ్ అనే శాస్త్రవేత్త 1950లలోనే పాచి చెరువులతో మురుగునీటిని శుభ్రం చేయడంపై పనిచేశాడు. కొన్ని రకాల పాచిలో నూనె ఉంటుంది. దానితో డీజిల్ చేయాలని అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు పరిశోధన చేయించింది. డీజిల్ వచ్చింది గానీ ఖర్చు గిట్టలేదు. "అయితే మన గుంటతో జీపు నడవదా టీచర్?" అని పిల్లలు నవ్వారు.

ఆ వారమే ప్రార్థనలో ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. నర్సమ్మ పరీక్ష చేసి రక్తం తక్కువగా ఉందని మాత్రలిచ్చింది. రోజూ తెల్లన్నం తినే పిల్ల. "ఇంట్లో చోడి అంబలి తాగవా?" అంటే తల దించుకుంది.

ఆ తల దించడం నాకు తెలుసు. నేను హాస్టల్లో చదివేటప్పుడు అమ్మ కొండ దిగి, ఆనపబుర్రలో అంబలి తెచ్చింది. స్నేహితురాళ్ళు చూస్తారని సిగ్గుపడి వెనక్కి తీసుకెళ్ళి పారబోశాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. నా ఒంటికి పట్టాల్సింది ఆ రోజు ఏ పాచికో ఎరువైంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం సుమారు 360 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో 10 కూడా లేదు. ఇనుము చోళ్ళలో 4 మిల్లీగ్రాములకు పైనే, ఆ బియ్యంలో 1 లోపే. అయితే ఉన్నదంతా ఒంటికి పట్టదు. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఎక్కువ పడుతుంది. మన పెద్దవాళ్ళు పిండిని రాత్రంతా పులియబెట్టింది ఊరికే కాదు. పక్కన ఉసిరికాయో నిమ్మకాయో ఉంటే ఇంకా మంచిది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఇనుము సరిగా పట్టదు.

ఇప్పుడు మా బడిలో శనివారం అంబలి కాస్తున్నాం. మొదటి గ్లాసు పిల్లల ముందు నేనే తాగుతాను. గంజి పారబోయకుండా ఉప్పేసి ఇస్తున్నాం. అంట్ల నీళ్ళను అరటి పాదులకు మళ్ళించాం. గుంటలో దోమలూ తగ్గాయి.

తోటి టీచర్లూ, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ! ఖనిజాల పాఠం చెప్పేటప్పుడు, చదివేటప్పుడు ఆపిల్ బొమ్మ దగ్గరే ఆగిపోకండి. మన ఇంటి కుండ దగ్గర మొదలుపెట్టండి. అమ్మ తెచ్చిన అంబలిని సిగ్గుతో పారబోసే పిల్ల ఇక మన బడుల్లో ఉండకూడదు.