వంటింటి ముక్కతో స్పోర్ట్స్ కారు

మా నాన్న కారులో ముందు సీట్లో కూర్చున్నవాళ్లెవరైనా మొదట అడిగేది ఒకటే. 'ఇదేంటండీ, వంటింటి అర పీకి ఇక్కడ బిగించారా?' అని. ఏదో వేళాకోళానికి అంటారుగానీ, పాపం వాళ్లకు తెలీదు... అది అక్షరాలా నిజం!

కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. రెండే తలుపులు. 1985లో నాన్న దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొని ఏలూరు పవర్‌పేటకు తెచ్చినప్పుడు మా వీధికి అంబాసిడరూ ఫియట్టూ తప్ప మరోటి తెలీదట. రెండు తలుపులుంటే స్పోర్ట్స్ కారేనని తీర్మానించేశారు. మరీ తప్పేం కాదు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కి రూపమిచ్చింది ఇటలీ డిజైనర్ మికెలోట్టి. అదే ఛాసిస్‌ని కురచ చేసి, మళ్లీ ఆయనతోనే బొమ్మ గీయించి 1962లో వదిలిందే స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి మనకు తయారుచేసి ఇచ్చింది మాత్రం హెరాల్డ్‌నే. అంటే మాది స్పోర్ట్స్ కారుకి స్వయానా అన్నగారు! దాని బోనెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరుగుతుంది. పాతిక అడుగుల చోటుంటే చాలు, గిర్రున తిరిగొస్తుంది.

అందమంతా బయటే. లోపల, స్టీరింగ్ ముందు, మెరిసే నీలం సన్‌మైకా!

అసలు డ్యాష్‌బోర్డు చెక్క మా ఊరి చెమ్మకు ఉబ్బి, పొరలు లేచిపోయిందట. 1993లో అమ్మ వంటింటి అరలకు నీలం సన్‌మైకా వేయించుకుంది. ముక్క మిగిలింది. 'పారేయడమెందుకు, మీ కారుకి పెట్టుకోండి' అందట. నాన్న దాన్ని ప్లైవుడ్ మీద అంటించి, మీటర్లకు కన్నాలు కోసి బిగించేశారు. అమ్మ 2011లో పోయింది. తర్వాత నాలుగేళ్లకి ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. ఆ వంటిల్లు తాలూకు మిగిలిందల్లా ఈ ముక్కే. దాన్ని మారుద్దామని ఇంట్లో ఎవరం నోరెత్తలేదు.

కిందటేడాది నాన్నకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఆయన ఏటా తనే కారు నడుపుకుంటూ వెళతారు. దారిలో ఎండ వెనక అద్దంలోంచి పడుతుంది. సన్‌మైకా అద్దమై కళ్లలోకి కొడుతుంది. రోడ్డు మీద గేదె దగ్గరకొచ్చేదాకా కనబడలేదట. ఇంటికొచ్చి తాళాలు నా చేతిలో పెట్టి, 'ఇంక కారు తీయనురా' అన్నారు. ఆ చెక్క తీసేద్దామని మాత్రం అనలేదు.

బావగారు నల్ల రెక్సిన్ అతికిద్దామన్నారు. నన్నడిగితే అది ఇంకా ఘోరం. చివరికి ఆకివీడు వైపు నుంచి, పడవలు చేసిన వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. బ్యాటరీ వైరు తీశాం. స్పీడోమీటరు కేబుల్ చేత్తోనే తిప్పితే ఊడొచ్చింది. ఒక్కో వైరుకీ ప్లాస్టర్ చుట్టి అంకె వేశాం. అక్కడే సగం పూట పోయింది, అది చేయకపోతే మర్నాడు హారన్ నొక్కితే వైపర్ తిరుగుతుంది మరి! పాతదాని కొలతలతో అట్టముక్క కోసి, దాన్నిబట్టి తొమ్మిది మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ కోశాడు. టేకు వెనీర్ ముందు పక్కకి సరే, కనబడని వెనక పక్కకీ అంటించాడు. దండగ కదా అన్నాను. 'ఒకపక్కే అంటిస్తే కొల్లేటి గాలికి విల్లులా వంగిపోద్దండి' అన్నాడు. చపడా పాలిష్ వద్దన్నాడు, చెమ్మ తగిలితే తెల్లగా పొగచూరినట్టు అవుతుందట. మెరుపు లేని మాట్ పాలిషే వేశాడు. కన్నాల అంచులకు కూడా, పడవ అతుకులు చూసుకున్నట్టు వేలితో తడిమి మరీ.

నాన్న కుర్చీ వేసుకుని అంతా చూస్తూనే ఉన్నారు. మాట లేదు.

'పాతది గ్లవ్‌బాక్స్ అడుగున సరిపోయేలా కోసి పరిచేమంటారా బాబుగారూ?' అన్నాడు మేస్త్రి. మంచి ఆలోచనే అనిపించింది నాకు.

'కోయకయ్యా' అన్నారు నాన్న. అదొక్కటే.

ఇప్పుడది మా అపార్ట్‌మెంట్ వంటింట్లో, సింకు పక్కన రెండు ఇటుకల మీద ఉంది. చిన్న మీటర్ల కన్నాల్లో స్టీలు గ్లాసులు సరిగ్గా కూర్చుంటాయి. స్పీడోమీటరు కన్నంలో కూజా. మా ఆవిడ మొదట మొహం చిట్లించింది గానీ, కడిగిన గ్లాసుల నీళ్లు కిందికి కారిపోతున్నాయని ఇప్పుడు దాన్ని కదపనివ్వడం లేదు.

ఈ ఫాల్గుణంలో నాన్న మళ్లీ స్టీరింగ్ పట్టారు. పక్క సీట్లో నేను. ఎండ వెనకనుంచే పడింది, టేకు మీద పడి ఊరుకుంది. కొంతదూరం వెళ్లాక అడిగాను, ఎలా ఉంది నాన్నా అని.

'చెక్క బానే ఉందిరా. పెట్రోలు ముల్లే, ట్యాంకు నింపినా సగం దగ్గర ఆగుతోంది. ఆదివారం విజయవాడ ఆటోనగర్ వెళ్దామంటావా?' అన్నారు.

ఆదివారం షాపులుండవు నాన్నా, సోమవారం వెళ్దామన్నాను.