వాడుకమాటకు వన్నె తెచ్చినవారు

ప్రతి యేకాదశినాడును మధ్యాహ్నము మా యింటి వసారాలో ఇరుగుపొరుగు స్త్రీలు కూడుదురు. చిన్ననాడు మా తండ్రిగారికడ కావ్యములు చదివినవారము గావున, మేము విజయవిలాసములోని పద్యములు చదివి యర్థము చెప్పుచుందుము. ఒకనాడు, పలాసలో జీడిపిక్కల పనికి పోవు పొరుగామె మెల్లగా, "సదివింది బాగుంది గానీ, ఏటన్నారో నాకు తెల్లేదమ్మా" అన్నది. పద్యమన్న కష్టముగానే యుండునని పైకి బదులు చెప్పితిమి గాని, మేము చెప్పిన యర్థమునకే మరియొక యర్థము కావలసివచ్చినదని లోలోపల సిగ్గుపడితిమి.

ఆ రాత్రి మా వారితో ఈ మాట చెప్పగా, బడిపంతులు గదా, చిరునవ్వు నవ్వి తాపీ ధర్మారావుగారి కథ యెత్తుకొనిరి.

ధర్మారావుగారు 1887లో బరంపురమున జన్మించిరి. మా టెక్కలికి చేరువనున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిపంతులుగారికడ చదివిరి. ఆ రెండూళ్లును నేడు ఒడిశాలోనివి. ఉపాధ్యాయులై, పిదప సంపాదకులై, "జనవాణి" పత్రికను వాడుకభాషలో నడపిరి. 1932లో "భక్తప్రహ్లాద"తో మాటలు నేర్చిన తెలుగు సినిమా, నాటకములలోని పలుకులనే వల్లించుచుండెను. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు చలముగారి కథతో "మాలపిల్ల" తీసినప్పుడు, సంభాషణలు వ్రాసినవారు ధర్మారావుగారే. అంటరానితనమును నిరసించు నా కథలో మనుష్యులు ఇండ్లలో మాటలాడుకొనునట్లే తెరపైనను మాటలాడిరి. దూరముగా నుంచబడినవారి గోడును వారికే తెలియని భాషలో వినిపించిన నేమి ఫలము? మరుసటియేట "రైతుబిడ్డ"కును వారు కలము కలిపిరి.

ఇట్టివారికి కావ్యములు గిట్టవు కాబోలునని మేమంటిమి. మా వారు లేచి, బడినుండి తెచ్చిన యొక గ్రంథమును మా చేతిలో నుంచిరి. అది మా విజయవిలాసమే! దానికి "హృదయోల్లాస వ్యాఖ్య" వ్రాసి, 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందినవారును ఆ ధర్మారావుగారే. 1973లో వారు కీర్తిశేషులైరి. కావ్యమును ప్రేమించినవారే వాడుకమాటను గౌరవించిరని తెలిసి, మా గర్వము కొంత కరగినది.

మరుసటి యేకాదశికి పద్యము చదివి, వంటింటిలో మాటలాడునట్లే కథ చెప్పితిమి. ఉలూచి యర్జునుని నాగలోకమునకు గొనిపోయిన ఘట్టమున, పొరుగామె ముందునకు జరిగి, "మరైతే సుబద్రకి తెలిస్తే ఏటవుతాది?" అన్నది. అందరును ఘొల్లున నవ్విరి.

సోదరీమణులారా! చేయి తిరిగిన దారి గావున మేము వ్రాయుట నేటికిని గ్రాంథికముననే. చెప్పుట మాత్రము ఆమెకు తెలియునట్లే చెప్పుచున్నాము.