సిక్స్ ట్వంటీఫైవ్ ఒక షీటు

కళ్లు పచ్చబడిన మనిషి ఎదురుగా కూర్చోగానే నేనడిగేది ఒకటే: "ఈ రెండు నెలల్లో ఏం మందులు మింగారు?" దాదాపు అందరూ అనేదీ ఒకటే: "ఏమీ లేదండీ." అబద్ధమాడాలని కాదు. డాక్టరు రాసిచ్చిందే వాళ్ల లెక్కలో మందు. షాపులో కుర్రాణ్ణడిగి తెచ్చుకున్నది పచారీ సామాను.

డెబ్భైకి దగ్గరపడిన ఆ పెద్దాయనా అదే అన్నారు. చేతుల నిండా గోళ్లతో గీరుకున్న చారలు. భార్య ఊరుకోలేదు. "అదేవిటండీ, దగ్గుకని ఆ బండమాత్రలు మింగలేదూ? షీటు తర్వాత షీటు!"

"ఆ దగ్గు ఎప్పుడో తగ్గిపోయిందిగా," అని ఆయన విసుక్కున్నారు.

పొద్దునొకటి, రాత్రొకటి మొదలుపెట్టి, పవరు చాలట్లేదని పూటకి రెండు చేశారట. "సిక్స్ ట్వంటీఫైవ్ ఇవ్వు" అంటే చాలు, షాపువాడు చీటీ అడగడు. షీటు మీద నిలువునా ఎర్రగీత ఉంటుంది, డాక్టరు చీటీ లేనిదే వాడొద్దని. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ దాని గురించి ప్రచారం కూడా చేసింది. ఆ గీతని నాకు చూపించిన పేషెంటు ఇంతవరకు లేడు.

ఆ మాత్రలో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 క్లావులానిక్ ఆసిడ్. లివర్‌తో పేచీ ఎక్కువగా ఆ రెండోదానిదే. కొందరి ఒంట్లో అది పైత్యరసం కదలకుండా చేస్తుంది. ఆ రసం రక్తంలో పేరుకుంటే దురద, ముదురు రంగు మూత్రం, కామెర్లు. మాత్రలు ఆపేసిన కొన్ని వారాలకి కూడా బయటపడొచ్చు, అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు. సరైన మోతాదులో వాడినా అరుదుగా వస్తుంది. వయసు మళ్లిన మగవాళ్లకి, ఎక్కువ రోజులు మింగినవాళ్లకి ముప్పు ఎక్కువ. ఇంతకీ ఆయనది జలుబుతో వచ్చిన దగ్గు. వైరస్ మీద ఈ మాత్ర ఏమీ చెయ్యదు. పనికిరాని చోట ఇంత ప్రమాదం కొనితెచ్చుకున్నారు!

నా దగ్గరికి రాకముందే పసరు తాగారు, మణికట్టు మీద వాత పెట్టించుకున్నారు. ఆ పుండు చూసి కోపమొచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వాత పెట్టినవాడు తనకి తెలిసిన వైద్యమేదో చేశాడు. మాత్రలమ్మినవాడు ఫార్మసీ చదివినవాడు.

స్కాన్‌లో రాళ్లు లేవు. హెపటైటిస్ పరీక్షలన్నీ నెగటివ్. దురదకి మందిచ్చి, వారం వారం బిలిరుబిన్ చూశాం. మెల్లగా దిగింది. చాలామంది ఇలాగే కోలుకుంటారు. కొద్దిమంది కోలుకోరు.

ఇది చదివి టీబీ మాత్రలు అటకెక్కించేవాళ్లుంటారని నా భయం. అవీ లివర్‌ని దెబ్బతీయగలవు, నిజమే. వాంతులు పట్టుకున్నా, అన్నం సయించకపోయినా, కళ్లు పచ్చబడినా ఆ పూటే మాత్రలు పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఏ బాధా లేకుండా కోర్సు మధ్యలో మానేస్తే మాత్రం నేను తిట్టే తిట్లు వేరు.

పెద్దాయన చివరిసారి వచ్చినప్పుడు ఆ మందు పేరు చీటీ మీద పెద్దక్షరాలతో రాసి, జన్మలో మళ్లీ ముట్టుకోవద్దన్నాను. బుద్ధిగా తలూపి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంట్లో మిగిలిన మాత్రలేం చేశారని అడిగాను.

"మా అల్లుడికి జలుబు చేస్తే ఇచ్చేశానండీ. పారేస్తే డబ్బులు దండగ కదా!"