నైలు మీద నుంచి చెల్లికి

లక్సర్ రేవు, రాత్రి

చిట్టీ,

మధ్యాహ్నం ఓడ ఎక్కాం. భోజనాలయ్యాయి. మీ బావగారు పైన డెక్కు మీద గాలికి కూర్చున్నారు. మేం బయల్దేరే ముందు నువ్వు ఫోన్లో మరీ మరీ అడిగావు కదా, పాస్‌పోర్టులూ డబ్బూ ఓడలో ఎక్కడ పెట్టుకుంటారక్కా అని. వచ్చే శీతాకాలం మరిదిగారూ నువ్వూ ఇదే దారిన వస్తారు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను. గుళ్ళ సంగతులు ఏ పుస్తకం తిరగేసినా దొరుకుతాయి.

ఓడ ఎక్కగానే రిసెప్షన్లో అబ్బాయి మా పాస్‌పోర్టులు అడిగాడు. బయటి దేశం వాళ్ళు దిగితే వివరాలు రాసుకోవాలి, హోటలైనా ఓడైనా ఈజిప్టులో అదే పద్ధతి. జిరాక్స్ తీసి సాయంత్రం ఇస్తానన్నాడు, అన్నట్టే ఇచ్చాడు. కొన్ని ఓడల్లో దిగేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారని విన్నాను. నీకు అలా జరిగితే మర్యాదగానే గట్టిగా అడుగు. పాస్‌పోర్టు మీద నీ ఫొటో ఉన్నా అది నీ సొంతం కాదు. 1967 నాటి చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. అది నీ చేతిలో ఉండాలని ఇచ్చారు గానీ పరాయి సొరుగులో పడి ఉండాలని కాదు. ఇచ్చేటప్పుడు ఎవరికిచ్చావో, తిరిగి ఎన్నింటికి ఇస్తారో అడుగు. ఆ గంటకి నువ్వే వెళ్ళి తెచ్చుకో.

ఇక్కడి రేవు చూస్తే నువ్వు ఆశ్చర్యపోతావు. ఒడ్డున చోటు చాలక ఓడల్ని ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్టేస్తారు. ఒడ్డుకి తగిలేది మొదటి ఓడ ఒక్కటే. మనది అవతలి చివర ఉంటే మధ్యనున్న ఓడల హాళ్ళన్నీ దాటుకుంటూ నడిచి నేల మీద అడుగుపెట్టాలి. అన్ని ఓడల తలుపులూ ఒకే వరసలో వచ్చేలా కట్టారు. పాలరాయి పరిచిన హాలొకటి దాటితే ఇంకో హాలు, దానవతల ఇంకొకటి. చూడటానికి బాగుంది. కానీ మన హాల్లోంచి కూడా రాత్రి దాకా పక్క ఓడల వాళ్ళు నడుస్తూనే ఉంటారు. ఎవరు మన ఓడ మనిషో, ఎవరు దారిన పోతున్నారో తెలీదు. గది కిటికీ చూస్తే పక్క ఓడ కిటికీకి చేతికందే దూరం. నది మీద ఉన్నంతసేపూ తెర తీసి చూడాల్సిందే, అంత అందం. రేవులో మాత్రం తెర వేసి, జారుడు తలుపు గడియ పెట్టాకే గది వదలాలి. మంచం మీద పర్సు విప్పి నోట్లు లెక్కపెట్టుకోవడం లాంటివి తెర వేశాకే.

బీరువాలో చిన్న ఇనప్పెట్టె ఉంది, నంబరుతో తెరిచేది. పాస్‌పోర్టులు, ఎక్కువ డబ్బు, ఒక కార్డు అందులో. రెండో కార్డు, ఆ పూటకి కావలసిన నోట్లు నా దగ్గర. అమ్మ అడిగితే చెప్పు, సూత్రాలు పసుపుతాడుకి గుచ్చుకుని వచ్చాను, బంగారు గొలుసూ గాజులూ లాకర్లోనే ఉన్నాయి. నగ తప్పనిసరిగా తేవాల్సి వస్తే బయల్దేరేటప్పుడే మన విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకి చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు ఇది ఎక్కడ కొన్నావని అడగరు. నా సలహా మాత్రం తేవద్దనే.

అక్క

లక్సర్, పడమటి ఒడ్డు చూసి వచ్చాక

చిట్టీ,

ఈ రోజు రాజుల లోయకి వెళ్ళాం. గుళ్ళ సంగతి రాయనన్నాను గానీ ఇది రాయక తప్పదు. సొత్తు దాచుకోవడానికి ఇక్కడి వాళ్ళు పడినంత యాతన ఇంకెవరూ పడి ఉండరు.

అంతకు ముందు రాజులు పిరమిడ్లు కట్టించుకున్నారు. ఆమడ దూరం నుంచే కనిపించే పిరమిడ్ దొంగలకి తానే దారి చూపిస్తుంది. అందుకని తరవాతి రాజులు పచ్చగడ్డి కూడా మొలవని ఈ కొండల మధ్యకి వచ్చి, రాయి తొలిపించి, నేలలోకి గదులు చేయించుకుని, మూతులు పూడ్పించారు. అయినా దాదాపు అన్నీ దోపిడీ అయ్యాయి. క్రీ.పూ. 1100 ప్రాంతంలో, తొమ్మిదో రామ్సెస్ కాలంలో, ఈ ఒడ్డు సమాధుల దోపిడీ మీద జరిగిన విచారణ రాతలు పాపిరస్ మీద ఈనాటికీ ఉన్నాయి. పట్టుబడిన వాళ్ళలో ఒకడు అమెన్పనుఫెర్, రాయి చెక్కే పనివాడు. ఉలి పట్టడం తెలిసిన చేతులే సమాధి తవ్వాయి. సొబెకెంసాఫ్ అనే పాత రాజు సమాధిలోకి దూరి, రాజునీ రాణినీ ఒలిచి, పెట్టెలకి నిప్పు పెట్టామని ఒప్పుకున్నాడు. ఒకసారి దొరికిపోతే తన వాటా బంగారం లంచమిచ్చి బయటపడ్డాడట. తోటి దొంగలు తమ వాటాల్లోంచి మళ్ళీ అతనికి పంచారట. గైడు చెబుతుంటే మీ బావగారు మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు.

ఆ తరవాత సంగతి నన్ను ఇంకా పట్టుకుంది. కాపలా ఇక తమ వల్ల కాదని అర్థమయ్యాక అర్చకులు రాజుల శరీరాల్ని సమాధుల్లోంచి తీసి, కొత్త గుడ్డలు చుట్టి, చోటు మార్చి చోటుకి మోసుకెళ్ళారు. చివరికి దెయిర్ ఎల్ బహ్రీ దగ్గర కొండల్లో ఒక గోతిలో చాలామందిని కలిపి దాచారు. ఉన్న బంగారం వాళ్ళే ఒలిచి ఖజానాకి చేర్చారని కూడా పండితులు అంటారు, అది నిజమే కావచ్చు. కానీ పెట్టెల మీదా గుడ్డల మీదా సిరాతో ఇది ఫలానా రాజు, ఎప్పుడు ఎక్కణ్ణించి తెచ్చాం అని రాసి పెట్టారు. 1870ల మొదట్లో కుర్నా ఊరి అబ్ద్ ఎల్ రసూల్ కుటుంబం వాళ్ళకి ఆ గోతి దొరికింది. కొన్నేళ్ళు గుట్టుగా వస్తువులు అమ్ముకున్నారు. 1881లో ఇంట్లో ఒకడు బయటపెట్టాక పురావస్తు శాఖ అధికారి ఎమీల్ బ్రుగ్ష్ వచ్చి దిగి చూస్తే రెండో రామ్సెస్, అతని తండ్రి మొదటి సేతీ, మూడో తుత్‌మోస్ వరసగా పడుకుని ఉన్నారు. వాళ్ళని ఈ నది మీదే స్టీమరులో కైరోకి తీసుకెళ్ళారు. దాదాపు మూడు వేల ఏళ్ళ తరవాత ఎవరు ఎవరో చెప్పగలిగారంటే ఆ సిరా రాతలే ఆధారం.

దాదాపు మొత్తం సొత్తుతో దొరికిన టుటాంఖమున్ అనే రాజు సంగతి వేరు. అతని సమాధి మెట్లు ఇక్కడ తవ్వకాలు చేస్తున్న హోవర్డ్ కార్టర్‌కి కనిపించింది 1922 నవంబరు 4న. ఆ సమాధిలోకీ పాత కాలంలోనే రెండుసార్లు దొంగలు దూరారు. ఒక పెట్టెలో గుడ్డలో ముడి వేసిన బంగారు ఉంగరాలు దొరికాయి. అచ్చం మన అమ్మమ్మ కొంగున ముడేసి రొంటిన దోపుకున్నట్టే. పారిపోతూ వదిలేసిన మూట అయి ఉంటుందని కార్టర్ అనుకున్నాడు. తరవాత ఆరో రామ్సెస్ సమాధి తొలిచిన వాళ్ళు రాళ్ళూ మట్టీ ఆ వైపు పోసి, పైన గుడిసెలు వేసుకున్నారు. దాంతో కిందొక తలుపుందన్న సంగతే లోకం మరిచిపోయింది.

బస్సులో తిరిగొస్తూ ఆలోచించాను చిట్టీ. ఆ అర్చకులు దేన్ని వదులుకోవచ్చో, దేన్ని వదలకూడదో తేల్చుకున్నారు. మనం సామాను సర్దుకునేటప్పుడు ఆ లెక్క వేసుకోం. డబ్బు పోతే మరిదిగారు ఇంకో కార్డుతో తీస్తారు, ఫోను పోతే కొనుక్కుంటాం. పాస్‌పోర్టు పోతే మనం ఫలానా అని చెప్పే కాగితం ఆ దేశంలో ఇంకొకటి ఉండదు. ఇక్కడ మన ఆధార్ కార్డుని ఎవరు చదువుతారు? వీసా కూడా అందులోనే, దిగినప్పుడు కొట్టిన ముద్ర కూడా అందులోనే. అందుకే మొదటి పేజీ, అమ్మానాన్నల పేర్లూ చిరునామా ఉండే చివరి పేజీ, వీసా పేజీ, ముద్ర పేజీ అన్నీ ఫొటోలు తీశాను. ముద్ర పేజీని చాలామంది మరిచిపోతారు, అది దిగిన తరవాతే తీయాలి కాబట్టి. కాగితం మీద తీయించిన నకళ్ళు నావి మీ బావగారి దగ్గర, ఆయనవి నా దగ్గర. నీ దగ్గర పెట్టి వచ్చిన కవర్లోనూ ముద్ర పేజీ తప్ప మిగతావన్నీ ఉన్నాయి.

అక్క

ఎస్నా లాకుల దగ్గర

చిట్టీ,

ధవళేశ్వరం లాకుల మాట వింటూ పెరిగిన మనకి లాకు అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ నది మీద 1908లో కట్టిన పాత ఆనకట్ట ఒకటుంది, తరవాత కట్టిన కొత్తది ఇంకొకటి. ఓడలన్నీ వంతు కోసం ఆగుతాయి. ఆగగానే చిన్న పడవలు వచ్చి చుట్టూ మూగుతాయి. మనుషులు నిలబడి దుప్పట్లు, తువ్వాళ్ళు, గలాబియా అంగీలు విప్పి చూపిస్తూ కేకలు వేస్తారు. నచ్చినట్టు తలాడిస్తే చాలు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పైకి విసురుతారు. మూడు నాలుగంతస్తుల ఎత్తుకి గురి తప్పకుండా వచ్చి పడుతుంది. బేరం కుదిరితే అదే సంచిలో డబ్బు పెట్టి కిందికి వేస్తాం, కుదరకపోతే సరుకు వేసేస్తాం.

నేనొక బల్లగుడ్డ తీసుకున్నాను. డబ్బు కంటబడక ముందే తన సరుకు పరాయి వాళ్ళ చేతికి విసిరేస్తున్నాడు ఆ మనిషి. ఓడ కదిలితే అతనేం చేయగలడు? అంత నమ్మకం పెట్టిన వాడి ముందు మెడలో సంచి అదిమి పట్టుకుని అనుమానంగా నిలబడటం నాకు నచ్చదు. అందుకే జేబులో ఆ పూటకి చాలిన చిల్లర నోట్లే పెట్టుకుని పైకి వచ్చాను. అవన్నీ ఖర్చయినా బెంగ లేదు కాబట్టి నవ్వుతూ బేరమాడగలిగాను. పడవ వాళ్ళతో మాట్లాడటానికే కదా చిట్టీ ఇంత దూరం వచ్చింది.

ఒకటి గమనించాను. ఈ సంబరం చూడటానికి ఓడంతా డెక్కు మీదే ఉంది. కింద గదుల వరండాలో ఒక్కరు లేరు. మా వరసలో ఒక గది తలుపు బార్లా తెరిచి ఉంటే శుభ్రం చేసే అబ్బాయిని పిలిచి వేయించాను. ఓడ పనివాళ్ళ మీద నాకు అనుమానం లేదు. ఏదైనా కనబడకపోతే ముందు నిందపడేది వాళ్ళ మీదే. తలుపు తాళం వేసుకోవడం వాళ్ళ పట్ల కూడా మర్యాదే.

అక్క

అస్వాన్

చిట్టీ,

దారిలో ఎడ్ఫు గుడికి తెల్లవారకుండానే గుర్రబ్బండి ఎక్కించారు, కోమ్ ఓంబో గుడి దగ్గర దీపాలు పెట్టే వేళకి దింపారు. రెండుచోట్లా చీకటీ జనమూ. సంచి పక్కన కాకుండా ఒళ్ళో పెట్టుకుంటే చాలు.

ఇక్కడ రాయాల్సింది ఇంకొకటి. గుడి చూడటానికి దిగిన ప్రతిసారీ పాస్‌పోర్టు వెంట తీసుకెళ్ళాలా అని అడిగావు. నా పద్ధతి ఇది. రేవు పక్కనే ఉన్న గుడికి వెళ్ళినప్పుడు అసలుది ఇనప్పెట్టెలో, నకలు చేతిలో. ఓడ పేరున్న కార్డు, గైడు నంబరు, టాక్సీకి చాలినంత డబ్బు మాత్రం తప్పకుండా దగ్గరుండాలి. ఎందుకంటే ఓడ వేళకి కదిలిపోతుంది, పాస్‌పోర్టు దాంతోపాటే పోతుంది. సముద్రం కాదు కాబట్టి రోడ్డు నది వెంటే సాగుతుంది, తరవాతి రేవులో అందుకోవచ్చు. ఇక్కణ్ణించి అబూ సింబెల్ గుళ్ళకి వెళ్ళినప్పుడు అసలుదే తీసుకెళ్ళాం. ఎడారిలో దాదాపు 280 కిలోమీటర్లు, దారిలో తనిఖీలు ఉంటాయి. అప్పుడు చొక్కా లోపల వేసుకునే గుడ్డసంచిలో ఎవరిది వారి దగ్గర.

ఫిలే గుడికి మోటారు పడవలో వెళ్ళాలి. ఆనకట్ట నీళ్ళ నుంచి కాపాడటానికి ఆ గుడిని రాయి రాయీ విప్పి అగిల్కియా దీవి మీద తిరిగి కట్టారు. పడవ ఎక్కే చోట మెట్లు తడి, అందరికీ తొందర. మా ఓడలోనే వచ్చిన ఒకావిడ, నాగ్‌పూర్ వాళ్ళు, కాలు పడవలో పెడుతుండగా భుజం మీది సంచి జారి నీళ్ళలో పడింది. పడవవాడు గెడకర్రతో లాగి పైకి తీశాడు. డబ్బు ఆరింది. పాస్‌పోర్టు మాత్రం ఉబ్బిపోయి పేజీలు అంటుకుపోయాయి, వీసా మీద సిరా పాకింది. పాపం, ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి. పాడైన పాస్‌పోర్టుతో విమానం ఎక్కనివ్వకపోవచ్చు. కైరోలో జమాలెక్ పేటలో ఉన్న మన రాయబార కార్యాలయానికి ఫోన్ చేశారు, అక్కడికి వెళ్తున్నారు. ఆవిడ ఫోన్లో అన్ని పేజీల ఫొటోలూ ఉన్నాయి, అదొక ఊరట.

పూర్తిగా పోతే పని ఇంకా ఉంటుంది. ముందు టూరిస్ట్ పోలీసుల దగ్గర, ఇక్కడ వాళ్ళ నంబరు 126, ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోవాలి. అది పట్టుకుని రాయబార కార్యాలయానికి. తొందరగా కావాలంటే వాళ్ళు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే. మీరు ఇక్కణ్ణించి దుబాయ్‌లో పిన్ని కొడుకు దగ్గర ఆగుతామన్నారు కదా, దాంతో అది కుదరదు. కాబట్టి నీళ్ళు దూరని జిప్పు కవర్లు ఇప్పుడే కొని ఉంచు. ఫోను కూడా అందులోనే ఉండాలి, లేకపోతే ఫొటోలు తీసీ లాభం లేదు. అవే ఫొటోలు ఈమెయిల్లోనూ పెట్టుకో.

మరిదిగారి పాస్‌పోర్టు గడువు ఒకసారి చూడు. ఇక్కడ దిగే నాటికి ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. తక్కువుంటే పండగ దాకా ఆగొద్దు, ఈ వారమే రెన్యూవల్‌కి పెట్టించు.

అక్క