ఉరుమనుకొని తలయెత్తితిని

లాంగియర్‌బ్యెన్,
2025 జూలై 14

పూజ్యులైన అన్నగారికి,

బెంగుళూరులో విమానమెక్కిన నాటినుండి మీకు వ్రాయవలెనని అనుకొనుటయే గాని, ఓస్లోలో అమ్మాయి యింట నాలుగు దినములు గడచినను కాగితము పట్టుటకు మనసు కుదరలేదు. నేడు ఓడ యెక్కుటకు మూడు గంటల వ్యవధి యుండుటచేత, రేవున నొక బల్లపై కూర్చుండి, కుడిచేతి తొడుగు మాత్రము తీసి వ్రాయుచున్నాను. ఈ ద్వీపములను నార్వేవారు స్వాల్బార్డ్ అందురు. చల్లని తీరమని యర్థమట. మన పావగడ 14వ అక్షాంశమున నుండగా ఈ యూరు 78వ అక్షాంశమున నున్నది. ఏప్రిల్ 20 మొదలు ఆగస్టు 22 దాక ఇచ్చట సూర్యుడు అస్తమింపడు. నిన్న రాత్రి పన్నెండింటికి తెర తొలగించి చూచితిని గదా, గోడమీద ఎండ! మన తిరుమణి చుట్టుప్రక్కల 13,000 ఎకరములలో పరచిన సౌరఫలకములు ఇచ్చట నుండినచో నాలుగు నెలలు రాత్రింబవళ్ళు పని తప్పదని నవ్వుకొంటిని. "అక్టోబరు చివరినుంచి ఫిబ్రవరి నడిమిదాకా ఇక్కడ సూర్యుడే కనపడడు నాయనా, అప్పుడు దీపం ఎట్ల పెడతావు?" అని అమ్మాయి నా నోరు మూయించినది.

వాన సంగతి అడుగక యుండలేకపోతిని. ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్లట! మనకు కురియు దానిలో సగమైనను లేదు. కొండలనిండ మంచు, చుట్టును సముద్రము, అయినను శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది ఎడారి.

లీఫ్డె ఫ్యోర్డ్, ఓడలో,
జూలై 18

అన్నగారికి నమస్కారములు.

మా ఓడ చిన్నది, ప్రయాణికులము పన్నెండుగురము. మొదటి రాత్రి సముద్రము నన్నేమి చేసినదో వదినగారికి చదివి వినిపింపదగినది కాదు గనుక విడిచెదను. మరునాడు ఒక తీరమున వాల్రస్సులను చూచితిని: ఎండకాలము మన చెరువు అడుగున మిగిలిన బురదలో ఎనుములు ఒకదానిపై నొకటి పడి రోజుచున్నట్లే యున్నవి, దంతములే అదనము. దంతములకై వేటాడి వేటాడి నిశ్శేషము చేయవచ్చిన సమయమున, 1952లో వేట నిషేధించుటచేత మరల వృద్ధి పొందుచున్నవట.

నిన్న ఆల్కె కొండ క్రిందుగా పోయినాము. నల్లని రాతి స్తంభములు సముద్రమునుండి నిట్టనిలువుగా లేచియున్న ఆ కొండచరియలపై, అరచేతి వెడల్పు చాలని అంచులలో, నల్లకోటు తొడిగిన గిలెమోట్ పక్షులు వేలకొలది జంటలుగా, గోడవైపు ముఖము త్రిప్పి, తరగతిలో శిక్షింపబడిన పిల్లలవలె నిలిచియుండగా, వాని అరుపులతో మా ఓడ యంత్రపు చప్పుడు సయితము వినబడకపోయినది. గూడు కట్టవు, రాతిమీదనే గ్రుడ్డు. ఆ గ్రుడ్డు ఒక కొన సన్నముగా నుండును. పిల్లకు మూడు వారములు నిండగానే, రెక్క పూర్తిగా రాకముందే, అది ఆ యెత్తునుండి సముద్రములోనికి దుముకును. దానితో దిగి నీటిలో పెంచునది తల్లి గాదు, తండ్రి! ఈ మాట విని అమ్మాయి నావైపు చూచినది. ఇరువదేండ్ల క్రిందట దానిని చదువునకై బెంగుళూరు బస్సెక్కించి వెనుదిరిగినవాడను నేను, నేను దుముకలేదు.

ధ్రువపు ఎలుగుబంటిని గూర్చి మీరు అడుగుదురు. చూచితిని, దుర్భిణిలో. తెల్లనిది గాదు సుమా, పాతబడిన నేతిరంగు. మూడువందల మీటర్లకు లోపుగా పోరాదని ఈ యేడు జనవరినుండి శాసనము. కావున మా యాత్రానాయకుడు యంత్రమాపివేయగా పన్నెండుగురము ఊపిరి బిగబట్టి నిలుచుంటిమి. అది ఒక్కసారి తలయెత్తి గాలి వాసన చూచి, మేము తినదగినవారము కామని నిశ్చయించుకొన్నదో యేమో, తన దారిని పోయినది.

ఈ దినము మొనాకో హిమానీనదము ముందరికి రబ్బరు పడవలో పోయినాము. ఆ మంచుగోడ చూచుటకు నదివలె లేదు, మన కోటకొండను ఉప్పుతో పోతపోసినట్లున్నది. దానినుండి విరిగి తేలు ముక్కలు కొన్ని ఇంటంత, కొన్ని కుండంత. పాత మంచులో గాలి నలిగి పోవుటచేత ఎరుపుకాంతిని మ్రింగి నీలము మాత్రమే బయటికి వదలును. చుట్టును సన్నని చిటపట శబ్దము. వేడి ఇసుకలో శెనక్కాయలు వేయించునప్పటి చప్పుడే! శతాబ్దముల క్రిందట మంచులో చిక్కిన గాలిబుడగలు ఇప్పుడు నీటిలో విడుదలగుచున్నవట. అంతలో ఉరిమినది. నేను తటాలున తలయెత్తి మబ్బుకొరకు ఆకాశమును వెదకితిని. తక్కిన పదునొకండుగురు గోడవైపు చూచిరి. గోడలో ఒక భాగము కూలి నీటిలో పడినది. దాని చప్పుడు అది. అల మా పడవను ఊపి పోయినది. కిట్టివేక్ పక్షులు గుంపులుగా ఆ కలతనీటిపై వాలి, పైకి తేలిన చిరుప్రాణులను ఏరుకొనసాగినవి. నేను ఎందుకు పైకి చూచితినో వారికి చెప్పుటకు నాకు భాష చాలలేదు.

నాయకుడు ఒక ముక్కను నీటినుండి తీసి యిచ్చినాడు. నోట నుంచుకొంటిని. ఉప్పు లేదు, సున్నము లేదు, మన బోరునీటి ఫ్లోరైడు లేదు, రుచియే లేదు. ఆ ముక్క యంతటిది మన వీధిలోని ఒక్కొక్క ముసలమ్మకు ఒక్కొక్కటి పంచగలిగితిమా అని ఆలోచించుచుండగనే అది కరగిపోయినది.

లాంగియర్‌బ్యెన్,
జూలై 22

అన్నగారికి నమస్కారములు.

నిన్న తిరుగుదారిలో న్యూ ఓలెసుండ్‌లో దిగినాము. 2008లో స్థాపించిన మనదేశపు పరిశోధనా కేంద్రము హిమాద్రి అచ్చటనే యున్నది. ఆ యూరిలో ఫోనుల రేడియో తరంగములను ఆపివేయవలసి యుండుటచేత మీకు మాటలాడలేకపోతిని. ఆర్కిటిక్ టెర్న్ అను పిడికెడు పిట్ట నెత్తిమీద పొడువవచ్చునని మాకందరకు కర్రలిచ్చినారు. ఏటేటా దక్షిణధ్రువ ప్రాంతమునకు పోయి వచ్చు ఆ పిట్టకు నావంటి కొత్తవాని రాక కోపము కలిగించుట న్యాయమే.

ఇచ్చట లాంగియర్‌బ్యెన్ కొండప్రక్కన ఒక ఇనుపతలుపు ఉన్నది. లోపలికి రానీయరు. 2008లోనే తెరచిన ప్రపంచ విత్తనాగారమది. మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థవారు పంపిన జొన్న, సజ్జ, కంది, సెనగ, శెనక్కాయ విత్తనములు ఆ కొండగర్భమున మైనస్ 18 డిగ్రీలలో నున్నవి. ఎవరి పెట్టెను వారే తెరువవలెను. 2016లో మంచు కరగి సొరంగపు మొగసాలలోనికి నీరు చొచ్చినదట, విత్తనములు తడవలేదు. నేనా తలుపు ఎదుట చాల సేపు నిలిచితిని. అమ్మాయి చలికి వణకుచు, "లోపల ఏమున్నదని చూస్తున్నావు?" అని అడిగినది. మన అటకమీద, వేపాకు కలిపి మూతిబిగించిన బుంగ యున్నదని చెప్పితిని.

పుష్యమి కార్తె వచ్చినది. సౌరఫలకములకు కౌలుకిచ్చినది పోగా మిగిలిన చేనిలో గొర్రు కట్టినారా? విత్తనము దించితిరా, లేక ఇంకను చూచుచున్నారా? ఒక్క ముక్క అమ్మాయి ఫోనుకు చెప్పించగలరు.