రొట్టె, నూనె, ద్రాక్షారసము: పరిశుద్ధ దేశపు భోజనపు బల్ల

పరిశుద్ధ దేశం చూసి వచ్చినవారిని మన సంఘాల్లో అందరూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ప్రభువు పుట్టిన స్థలం ఎలా ఉంది? యొర్దానులో నీళ్ళు ఎంత లోతు? గొల్గొతా ఎంత ఎత్తు? 2019 సెప్టెంబరులో మా బృందం వెళ్ళి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలకు నేను జవాబులు సిద్ధంగానే ఉంచుకున్నాను. అయితే మా గ్రామ సంఘాల్లోని తల్లులు అడిగింది వేరు. “అక్కడివాళ్ళు రోజూ ఏం తింటారయ్యగారూ?” అన్నారు. యువకులు అడిగింది మరొకటి. “అయ్యగారూ, అక్కడ విశ్వాసులు కూడా ద్రాక్షారసం తాగుతారంట గదా! ప్రభువే కానాలో చేసి యిచ్చాడు గదా! మరి మమ్మల్నెందుకు వద్దంటారు?”

రెండూ మంచి ప్రశ్నలే. రెండవ ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉన్నదని నా నమ్మకం. కాబట్టి ప్రియ చదువరులారా, చర్చిల సంగతి, కొండల సంగతి మరొకసారి చెప్పుకుందాము. ఈ నెల ఆ దేశపు భోజనపు బల్ల దగ్గర కూర్చుందాము.

ఉదయపు రొట్టె

బేత్లెహేము అంటే హెబ్రీ భాషలో రొట్టెల యిల్లు అని అర్థం. ఆ ఊరు నేటికీ ఆ పేరుకు తగినట్టే ఉన్నది. తెల్లవారుతుండగానే వీధుల్లో కాలిన రొట్టె వాసన వస్తుంది. పల్లెల్లో కొందరు ఇప్పటికీ పాతకాలపు పొయ్యిలో, కాలిన గులకరాళ్ళ మీద రొట్టె వేస్తారు. ఆ రొట్టె అడుగున రాళ్ళ గుంటలు కనిపిస్తాయి.

ఉదయం ఆ రొట్టెతోబాటు రెండు చిన్న గిన్నెలు పెడతారు. ఒకదానిలో ఒలీవ నూనె. రెండవదానిలో జాతర్ అనే పొడి. కొండల మీద పెరిగే ఒక సువాసనగల ఆకును ఎండబెట్టి, నలిపి, నువ్వులు, ఉప్పు, సుమాక్ అనే పుల్లని కాయల పొడి కలిపితే జాతర్ అవుతుంది. రొట్టెముక్కను ముందు నూనెలో, తరువాత పొడిలో అద్దుకొని తింటారు. మనం నువ్వులపొడిలోనో కారప్పొడిలోనో నూనె పోసుకోవటం లేదా? అలాంటిదే. పస్కా రాత్రి ద్వారబంధాల మీద రక్తం చల్లటానికి వాడిన హిస్సోపు ఈ మొక్కేనని చాలామంది పండితుల అభిప్రాయం. ప్రక్కన ఉప్పులో ఊరిన ఒలీవ కాయలు, కట్టు పెరుగు, దోసకాయ, టొమాటో ముక్కలు ఉంటాయి. అంతే ఉదయపు భోజనం.

అక్కడ రొట్టెను కత్తితో కోయటం కన్న చేత్తో విరవటమే వాడుక. రొట్టెముక్క నేల మీద పడితే పెద్దవాళ్ళు దాన్ని తీసి, ముద్దుపెట్టుకొని, కాలు తగలని ఎత్తైన చోట ఉంచుతారు. క్రైస్తవులు, ముస్లిములు కూడా ఈ మర్యాద పాటిస్తారు. మన అవ్వలు మెతుకు తొక్కనివ్వకపోవటం నాకు గుర్తుకు వచ్చింది.

ఏశావు తిన్న వంటకము

బేత్లెహేములో ఒక క్రైస్తవ కుటుంబం మా బృందాన్ని భోజనానికి పిలిచింది. మాంసం పెడతారేమోనని మాలో కొందరు ఎదురుచూశారు. ఆ యింటి తల్లి పెద్ద పళ్ళెంలో ముజద్దరా తెచ్చి పెట్టింది. చిరుశనగ గింజ కన్న చిన్నదైన మసూరుపప్పును బియ్యంతో కలిపి వండి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. ప్రక్కన పెరుగు. మన కిచిడీకి అక్కచెల్లెలే అనుకోండి. ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నది ఈ పప్పు వంటకానికే. మన పాత తెలుగు తర్జుమాలో చిక్కుడుకాయలని ఉన్నది గాని మూలభాషలోని మాటకు మసూరుపప్పు అని అర్థం. అది ఎర్రగా ఉంటుందని ఏశావు నోటిమాటలోనే తెలుస్తుంది.

శనగలను ఉడికించి, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి రుబ్బితే హమ్మస్ అవుతుంది. నానిన శనగలు రుబ్బి ఆకుకూర కలిపి నూనెలో వేయిస్తే ఫలాఫెల్. మన మసాలా వడ తిన్నవారికి అది క్రొత్త కాదు. కూలివాడైనా, గుమాస్తా అయినా మధ్యాహ్నం రొట్టెలో నాలుగు ఫలాఫెల్ పెట్టించుకొని కడుపు నింపుకుంటాడు. గలిలయ సముద్రం ఒడ్డున యాత్రికులకు ‘పేతురు చేప’ అని వడ్డిస్తారు. పళ్ళెంలోకి చూడగానే మాలో గోదావరి జిల్లాల నుండి వచ్చినవారు నవ్వారు. అది తిలాపియా! మన చెరువుల్లో పెరిగే చేపే. అక్కడి హోటళ్ళకు వచ్చేది కూడా చాలావరకు చెరువుల్లో పెంచినదే.

ప్రభువు అయిదువేలమందికి పంచినవి యవల రొట్టెలు. గోధుమ రొట్టె కొనలేని బీదవారు ఆనాడు తిన్నది యవల రొట్టె. రాయలసీమలో సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె తిని పెరిగినవారు ఆ చిన్నవాని చేతిలోని మూటను తక్కువగా చూడలేరు.

ద్రాక్షతోటలు

బేత్లెహేము నుండి హెబ్రోను వైపు పోయే దారిలో కొండవాలులన్నీ మెట్లు మెట్లుగా కట్టి ఉంటాయి. రాళ్ళు ఏరి గోడలు కట్టి, ఆ గోడల వెనుక మట్టి నిలిపి ద్రాక్ష, ఒలీవ నాటారు. బత్తీర్ అనే గ్రామంలో ఊటనీళ్ళను కాలువల ద్వారా కుటుంబాల వారీగా వంతులు వేసుకొని పారించుకుంటారు. యునెస్కో 2014లో ఆ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. తోటల్లో అక్కడక్కడ రాతితో కట్టిన కావలి గోపురాలున్నాయి. యెషయా అయిదవ అధ్యాయంలో తోట యజమాని చేసిన పనులు, అంటే రాళ్ళు ఏరటం, తీగెలు నాటటం, గోపురం కట్టటం, తొట్టి తొలిపించటం, ఇవన్నీ అక్కడ కంటికి కనబడే సంగతులే.

మేము వెళ్ళినది ద్రాక్షకోత కాలం. రోడ్డు ప్రక్కన పెట్టెలనిండా పండ్లు అమ్ముతున్నారు. హెబ్రోను ప్రాంతపు రైతులు దాదాపు అందరూ ముస్లిములు. వారు మద్యం చేయరు. మరి అంత పంట ఏమవుతుంది? చాలావరకు పండుగానే తింటారు. కొంత ఎండబెడతారు. కొంత రసం తీసి, పెద్ద పాత్రల్లో గంటలకొద్దీ కాచి, తేనెవంటి పాకం చేస్తారు. దాన్ని దిబ్స్ అంటారు. రసంలో పిండి కలిపి ఉడికించి, గుడ్డమీద పలుచగా పరిచి ఎండబెడితే మల్బన్ అవుతుంది. మన మామిడి తాండ్ర చేసే పద్ధతే! లేత ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుట్టి వండుతారు. తీగె నుండి మనిషికి వచ్చే మేలు సీసాలో పోసినది ఒక్కటే కాదని అక్కడ కళ్ళారా చూశాము.

సీసాలో పోసినది

బేత్లెహేము ప్రక్కన బేత్‌జాలా కొండమీద క్రెమిసాన్ అనే మఠం ఉన్నది. సలేషియన్ సన్యాసులు 1885 నుండి అక్కడ ద్రాక్షారసం చేస్తున్నారు. దబూకి, హమ్దానీ, జందలీ, బలదీ అనేవి ఆ ప్రాంతపు ద్రాక్ష జాతులు. 2008 ప్రాంతంలో ఇటలీ నిపుణుల సహాయంతో ఈ స్థానిక ద్రాక్షతోనే మేలైన రసం చేయటం మొదలుపెట్టారు. మఠం చేసే సేవకు ఆ ఆదాయం తోడ్పడుతుంది.

కానాలో సంగతి వేరు. చర్చి వీధిలోని కొట్లన్నిటిలో ‘కానా పెళ్ళి ద్రాక్షారసం’ అని వ్రాసిన సీసాలు వరుసగా పెట్టి ఉంటాయి. బాగా తియ్యగా ఉండే రకం. యాత్రికుల కోసం పెట్టినది. జ్ఞాపకార్థం కొనదలచినవారికి నేను చెప్పేది ఒకటే. ఆ డబ్బుతో ఒలీవ నూనె సీసా, జాతర్ పొట్లం కొనండి. ఇంటిల్లిపాది తింటారు, పిల్లలు కూడా తింటారు.

అక్కడి క్రైస్తవ కుటుంబాలు ద్రాక్షారసం తాగుతారా? కొందరు తాగుతారు, కొందరు తాగరు. నేను భోజనం చేసిన యింట్లో పండుగనాడు, అందరూ కూర్చున్న బల్ల దగ్గర, ఒక చిన్న గ్లాసుతో ఆగుతారని చెప్పారు. మిగిలిన రోజుల్లో నీళ్ళు, టీ.

ఆనాటి రసం, ఈనాటి క్వార్టరు

ఇప్పుడు యువకుల ప్రశ్నకు వద్దాము. కానాలో ప్రభువు చేసినది పులియని రసమేనని కొందరు బోధకులు చెప్తారు. నేను అలా చెప్పను. ద్రాక్షతొక్క మీద సహజంగానే పులియజేసే సూక్ష్మజీవులుంటాయి. ఆ ఎండదేశంలో రసం తీసిన కొద్ది రోజులకే పొంగటం మొదలవుతుంది. కాచి పాకం చేస్తే తప్ప రసాన్ని పులియకుండా నెలల తరబడి నిలువచేయటం ఆనాడు సులువు కాదు. అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు 1869లో రసాన్ని సీసాల్లో పోసి వేడిచేసి, పులియకుండా నిలువచేశాడు. ప్రభువు బల్ల కోసమే ఆయన ఆ పని చేశాడు. అక్కడినుండే సీసా ద్రాక్షరసం లోకమంతటా వ్యాపించింది.

కాబట్టి ఆనాటిది ద్రాక్షారసమే. అయితే దాన్ని ఎలా తాగేవారో కూడా చూడాలి. రసంలో రెండు మూడు పాళ్ళు నీళ్ళు కలిపి, భోజనంతో పుచ్చుకోవటం ఆ కాలపు వాడుక. పేదవాని రోజువారీ పానీయం చిరక, అంటే పులిసిపోయిన చవక రసం. రూతు గ్రంథంలో బోయజు కోతవారు చేలో రొట్టెముక్కను ముంచుకు తిన్నది ఆ చిరకలోనే. రోమా సైనికులు నీళ్ళు కలుపుకొని తాగినది కూడా అదే. అప్పుడైనా మత్తుకు లోబడినవారు లేకపోలేదు. సామెతల గ్రంథం ఇరవైమూడవ అధ్యాయంలో తాగుబోతు ఎర్రకన్నులు, గాయములు వర్ణించబడినవి.

ఇప్పుడు లెక్క చూడండి. ద్రాక్షారసంలో మద్యసారం నూటికి 12 నుండి 14 పాళ్ళు. మూడు పాళ్ళు నీళ్ళు కలిపితే నూటికి 3 పాళ్ళకు దిగుతుంది. మన బజారులో విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 అని వ్రాసి ఉంటుంది. ఒక క్వార్టరు, అంటే 180 మిల్లీలీటర్లలో 77 మిల్లీలీటర్ల మద్యసారం ఉంటుంది. నీళ్ళు కలిపిన ఆనాటి రసం రెండున్నర లీటర్లు తాగితే గాని అంత కడుపులోకి పోదు. బట్టీపెట్టి తీసిన మద్యం బైబిలు కాలపు బల్ల మీద లేదు. ఇంగ్లీషు కాగితాల్లో సారాయిని అరాక్ అని వ్రాస్తారే, ఆ పేరు అరబ్బీ మాట నుండి వచ్చింది. దాని అర్థం చెమట. బట్టీ గొట్టం నుండి చుక్క చుక్కగా కారుతుంది గనుక ఆ పేరు వచ్చిందంటారు. మన పల్లెల్లో ఎవరి చెమట సీసాలోకి పోతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

కానా రసం ఇంటి మధ్యకు వచ్చింది. తల్లి అడిగింది, పనివారు మోశారు, బంధువులందరూ పంచుకున్నారు. మన మద్యం ఇంటికి దూరంగా, భోజనానికి ముందు, భార్యాపిల్లలకు చాటుగా తాగేది. అది భోజనంతోబాటు రాదు, భోజనాన్నే మింగివేస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో చదువుకున్న తల్లులు సారాకొట్లు మూయించింది ఏ సిద్ధాంతం కోసమూ కాదు, పొయ్యిమీద ఎసరు కోసం. వారి పోరాటం ఊరూరా ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాయి నిషేధం, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తివేశారు. చట్టం పోయింది గాని ఆ తల్లుల లెక్క నేటికీ సరియైనదే.

తిమోతి కడుపునొప్పికి పౌలు కొంచెం పుచ్చుకొమ్మన్నాడు గదా అంటారు. నిజమే, నీళ్ళు నమ్మలేని కాలంలో ఇచ్చిన సలహా అది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి హాని చేయని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది. మన పల్లెలో కడుపునొప్పికి ఆసుపత్రి ఉన్నది.

మన బల్ల మీద

బెత్లెహేము వారి దగ్గర మనం తెచ్చుకోదగినది సీసా కాదు, అందరూ కలిసి కూర్చునే బల్ల. పప్పు, ఉల్లిపాయ, పెరుగు, రొట్టె. వీటిలో మన ఇంట్లో లేనిది ఏది? లేనిదల్లా ఒకే వేళకు, తండ్రితో సహా, అందరూ కూర్చోవటం. వారానికి మూడు పూటలతోనైనా మొదలుపెట్టండి.

ప్రభువు బల్లకు రసం సిద్ధంచేసే సంఘపెద్దలకు ఒక మాట. ఎండుద్రాక్షను కడిగి, రాత్రంతా నానబెట్టి, ఆ నీటితోనే మరిగించి, గుడ్డలో పిండితే మంచి రసం వస్తుంది. శనివారం రాత్రి నానబెట్టి ఆదివారం ఉదయం కాచండి. వేసవిలో ముందుగా చేసి పెడితే పులుస్తుంది. మద్యం మానటానికి పోరాడుతున్న సహోదరునికి ఆ గిన్నె అడ్డం కాకూడదు.

2023 అక్టోబరులో యుద్ధం వచ్చిన తరువాత బేత్లెహేముకు యాత్రికులు రావటం బాగా పడిపోయి, హోటళ్ళు, కొట్లు మూతబడి, అనేక కుటుంబాలు జీవనాధారం కోల్పోయినవి. మాకు ముజద్దరా పెట్టిన బల్లలాంటివి అక్కడ ఎన్నో ఉన్నాయి. రొట్టెల యిల్లు అనబడిన ఆ ఊరిలో ఏ పిల్లవాడూ ఆకలితో పండుకొనకుండునట్లు, ఈ రాత్రి మీరు అన్నం ముందు కూర్చున్నప్పుడు వారినికూడా జ్ఞాపకము చేసుకొనుడి.